తక్కువ ఖర్చుతో స్టాక్ క్లాస్ రిమోట్ ట్రక్కు: విప్పి కట్టడం నుంచి కళ్లంలో పోటీ దాకా

ఐదు నిమిషాల పోటీ అనుకోండి. ట్రాక్ ఒకసారి చుట్టి రావడానికి 20 సెకన్లు పడితే మొత్తం 15 ల్యాపులు. ఖరీదైన మోటారు వేసి ల్యాపుకి అర సెకను తగ్గించారనుకుందాం. చివరికి మిగిలేది ఏడున్నర సెకన్లు. అదే బండి ఒక్కసారి పల్టీ కొడితే, మార్షల్ పరుగున వచ్చి, వెనక వచ్చే బండ్లు చూసుకుని, లేపి నిలబెట్టేసరికి ఎనిమిది సెకన్లు పోతాయి. మోటారు ఇచ్చిందంతా ఒక్క పల్టీ పట్టుకుపోయింది.

విజయనగరంలో నాది మోటార్ వైండింగ్ షాపు. పంపుసెట్లు, మిక్సీలు, ఫ్యాన్లు రోజూ నా చేతిలో ఉంటాయి. అందుకే రిమోట్ ట్రక్కు కొన్న కొత్తలో నా ధ్యాసంతా మోటారు మీదే ఉండేది. పై లెక్క కాగితం మీద వేసుకున్న రోజు నుంచి నా డబ్బు, నా టైము వేరే చోటికి మళ్లాయి: టైర్లు, షాక్‌లు (కుదుపు మింగే షాక్ అబ్జార్బర్లు), బ్యాటరీ, ట్రాక్ మట్టి, వేళ్ల సాధన. స్టాక్ క్లాస్ అంటే నాకు ఇంత ఇష్టం అందుకే. మోటారు అందరికీ ఒకటే. తేడా అంతా కట్టిన చేతిలో, నడిపిన వేళ్లలో ఉంటుంది.

ఇక్కడ ట్రక్కు అంటే అసలు బండిలో పదో వంతు సైజుండే బ్యాటరీ ట్రక్కు. అర మీటరు దాటిన పొడవు, రెండు కిలోల పైచిలుకు బరువు. ఆటబొమ్మలా కనిపిస్తుంది గానీ, ప్రతి స్క్రూ విప్పొచ్చు, ప్రతి ముక్కా విడిగా కొనొచ్చు.

1. ముందు నియమాలు, తర్వాతే కొనడం

నలుగురూ తలో రకం బండి కొనేసి తర్వాత పోటీ పెట్టుకుందాం అనుకుంటే ఆ పోటీ నెల దాటదు. డబ్బున్నవాడు మోటారు మారుస్తాడు, మిగతావాళ్లు మానేస్తారు. ముందు కూర్చుని ఒక పేజీ రాసుకోండి. మేం రాసుకున్నది ఇంతే: పదో వంతు సైజు, వెనక చక్రాలకి మాత్రమే పవర్, రెండు సెల్స్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ, అందరికీ ఒకే రకం మోటారు, ఒకే రకం టైర్లు. షాక్ ఆయిల్, స్ప్రింగులు, పినియన్ (మోటారుకి తగిలించే చిన్న గేరు), బాడీ ఎవరిష్టం వాళ్లది. గెలిచిన బండి బాడీ తీసి అందరి ముందూ పెట్టాలి. ఈ చివరి నియమం రాసుకున్నాక అనుమానాలూ గొడవలూ రెండూ తగ్గాయి.

మోటారు విషయంలో రెండు దారులున్నాయి. బండితో పాటు వచ్చే బ్రష్ మోటారునే అందరూ వాడటం ఒకటి, అన్నిటికంటే చవక. రెండోది 17.5 టర్నుల బ్రష్‌లెస్ మోటారు. చాలా దేశాల క్లబ్బుల్లో స్టాక్ అంటే ఇదే. టర్నులంటే మా షాపు భాషలో చుట్లే. చుట్లు పెరిగితే మోటారు నెమ్మదిగా తిరుగుతుంది, తక్కువ కరెంటు లాగుతుంది, చల్లగా ఉంటుంది. చుట్లు తగ్గితే వేగం, దాంతో పాటే వేడి. బ్రష్‌లెస్ వాడితే, మోటారుకి కరెంటు అందించే స్పీడ్ కంట్రోలర్‌లో వేగం కోసం టైమింగ్ పెంచే సదుపాయాన్ని సున్నాలో పెట్టాలి. అలా పెట్టినప్పుడు దాని లైటు మినుకుమినుకుమంటుంది. రేసర్లు దీన్ని 'బ్లింకీ' అంటారు. దూరం నుంచే ఎవరి బండి రూల్లో ఉందో తెలిసిపోతుంది. ఈ రెండు రకాల మోటార్లనీ ఒకే పోటీలో మాత్రం కలపకండి.

2. ఏ బండి?

కొత్తవాళ్లకి నేను చెప్పేది రెండు చక్రాల డ్రైవ్ షార్ట్ కోర్స్ ట్రక్కు. చక్రాల చుట్టూ బాడీ, ముందూ వెనకా బంపర్లు ఉంటాయి కాబట్టి ఒకదానికొకటి తగిలినా చక్రాలు పెనవేసుకోవు. 2008లో వచ్చిన ట్రాక్సాస్ స్లాష్ ఈ రకంలో బాగా పేరున్న బండి. ఎన్నో చోట్ల కేవలం స్లాష్‌లకే విడిగా ఒక క్లాస్ పెట్టారు. దాని బ్రష్ మోటారు 12 టర్నుల 550 సైజుది. స్పీడ్ కంట్రోలర్‌లో సగం వేగానికే పరిమితం చేసే ట్రైనింగ్ మోడ్ ఉంటుంది. ఇంట్లో పిల్లలు నేర్చుకునేటప్పుడు అది ఎంత ఉపయోగమో నేను చూశాను. నాలుగు చక్రాల డ్రైవ్ బండి నడపడానికి తేలికే, కానీ డిఫరెన్షియల్ ఇంకోటి, షాఫ్టులు ఇంకో జత. విరిగేవి, అరిగేవి పెరుగుతాయి.

కంపెనీ ఏదైనా, కొనేముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: "దీని ముందు ఆర్మ్ దొరుకుతుందా? ఎన్ని రోజుల్లో వస్తుంది?" చక్రాన్ని చట్రానికి కలిపే చెయ్యి అది, విరిగేది ఎక్కువగా అదే. తర్వాత స్టీరింగ్ బ్లాకులు, స్పర్ గేరు (పినియన్ తిప్పే పెద్ద గేరు), షాక్ చివరి బంతి కప్పులు. మన ఊళ్లో ఇవి కొట్లో దొరకవు, పార్సిల్ రావాలి. పదిహేను రూపాయల ప్లాస్టిక్ ముక్క లేక మూడు వారాలు బండి మూలన పడిన సందర్భాలు నాకున్నాయి. అందుకని బండితో పాటే ముందు ఆర్మ్‌లు రెండు జతలు, స్పర్ ఒకటి తెప్పించుకోండి.

మీ దగ్గరున్న సొమ్ము వంద రూపాయలనుకుంటే అరవై బండికి, ఇరవై మంచి చార్జరు, బ్యాటరీకి, పది టైర్లకి, పది స్పేర్లకి. సెకండ్ హ్యాండ్ బండి అయితే ఇంకా మంచిది, ఎలాగూ మొత్తం విప్పబోతున్నాం.

3. విప్పి మళ్లీ కట్టడం

కొత్త బండిని కూడా పోటీకి ముందు ఒకసారి విప్పాలి. ఒక ఆదివారం కేటాయించండి. కింద తెల్ల దుప్పటి పరిచి, గుడ్డు అట్టలో స్క్రూలు వరుసగా పెట్టుకోండి. రెండు మిల్లీమీటర్ల, రెండున్నర మిల్లీమీటర్ల హెక్స్ డ్రైవర్లు మాత్రం మంచివే కొనాలి. చవక డ్రైవరు స్క్రూ తలని గుండ్రంగా అరగదీసేస్తుంది. ఆ తర్వాత దాన్ని బయటికి తీయడం పెద్ద నరకం.

ప్లాస్టిక్‌లోకి స్క్రూ బిగించేటప్పుడు ఒక పద్ధతి ఉంది. ముందు వెనక్కి తిప్పండి. పాత మరలో స్క్రూ 'టక్' మని పడిన చోటు వేలికి తెలుస్తుంది. అక్కడి నుంచి ముందుకి తిప్పాలి. లేకపోతే ప్రతిసారీ కొత్త మర కోసుకుంటూ పోయి చివరికి పట్టు పోతుంది. ఇనుముకి ఇనుము బిగించే చోట, అంటే మోటారు స్క్రూలకి, పినియన్ గ్రబ్ స్క్రూకి, స్క్రూ వదులవకుండా పట్టుకునే నీలం రంగు థ్రెడ్ లాకర్ చిన్న చుక్క పెట్టాలి. ప్లాస్టిక్‌కి అది తగలకూడదు, పగుళ్లు తెస్తుంది.

చవక బండ్లలో చక్రాల దగ్గర బేరింగులకి బదులు బుష్‌లు ఉంటాయి. అవి తీసి బాల్ బేరింగులు వేస్తే తేడా చేత్తోనే తెలుస్తుంది, చక్రం ఒకసారి తిప్పి వదిలితే చాలాసేపు తిరుగుతుంది. అయిదు, పదకొండు, నాలుగు మిల్లీమీటర్ల కొలతదైతే ఎంఆర్115 అని అడగండి.

తర్వాత గేర్ల మధ్య సందు. మోటారు పినియన్, స్పర్ గేరు మరీ బిగుతుగా ఉంటే గోల చేస్తాయి, మోటారు వేడెక్కుతుంది. వదులైతే స్పర్ పళ్లు ఒక్క దూకుడులో ఊడిపోతాయి. నోటుపుస్తకం కాగితం సన్నని పట్టీ చింపి రెండు గేర్ల మధ్య పెట్టి, మోటారుని గట్టిగా ఆనించి స్క్రూలు బిగించండి. గేరు తిప్పి కాగితం బయటికి తీస్తే అది చిరగకుండా, మెట్లు మెట్లుగా నొక్కుకుని రావాలి. ఆర్టీసీ టికెట్ కాగితం మరీ పలచన, దానితో చేస్తే బిగుసుకుపోతుంది. స్పర్‌ని పూర్తిగా ఒక చుట్టు తిప్పి నాలుగు చోట్ల చూడండి. గేరు కాస్త వంకరగా ఉంటే ఒకచోట సరిపోయి ఇంకోచోట పట్టేస్తుంది.

స్పర్ పక్కనే ఉండేది స్లిప్పర్ క్లచ్. దూకి నేలకి తగిలినప్పుడు ఆ దెబ్బ గేర్లకి పోకుండా కాస్త జారి కాపాడేది ఇదే. నట్టు పూర్తిగా బిగించి, అక్కడి నుంచి సుమారు అర చుట్టు వదలండి. మొదలుపెట్టేటప్పుడు ఒకటి రెండు అడుగులు సన్నగా 'గుయ్' మంటూ జారి పట్టుకోవాలి.

ఇక షాక్‌లు. బండి మొత్తంలో నేను ఎక్కువసేపు కూర్చునేది వీటి దగ్గరే. పాత ఆయిల్ పారబోసి, గుడ్డతో తుడిచి, పిస్టన్ కిందికి లాగి, సిలికాన్ షాక్ ఆయిల్ అంచుదాకా పోయండి. మామూలుగా 30 వెయిట్‌తో మొదలుపెట్టొచ్చు, వెయిట్ అంటే ఆయిల్ చిక్కదనం నంబరు. మోటార్‌సైకిల్ ఫోర్క్ ఆయిల్ పోయొద్దు. వేడికి సిలికాన్ ఆయిల్ ఉన్నంత నిలకడగా అది ఉండదు. తర్వాత పిస్టన్‌ని చాలా నెమ్మదిగా పైకీ కిందికీ ఆడించాలి. ఆవగింజలంత బుడగలు పైకి వస్తాయి. తొందరపడి గబగబా ఆడిస్తే కొత్త బుడగలు పుడతాయి. మా మేనల్లుడు మొదటిసారి చేసినప్పుడు రెండు నిమిషాలకే మూత పట్టుకున్నాడు. షాక్‌ని కిటికీ వెలుతురులో పెట్టి చూడమన్నాను. "మావయ్యా, ఇంకా వస్తున్నాయే," అన్నాడు. పది నిమిషాలు నిలబెట్టి వదిలేశాం. ఆ తర్వాత వాడు ఇంకోసారి ఆడించి, బుడగ లేదని నాకు చూపించి, అప్పుడు మూత బిగించాడు. ఆ నాలుగు షాక్‌లూ ఆ సీజనంతా మళ్లీ విప్పే పని పడలేదు.

కట్టాక పరీక్ష: బ్యాటరీతో సహా బండిని జానెడు ఎత్తు నుంచి నేల మీదికి సమంగా వదలండి. ఒకసారి దిగి ఆగిపోవాలి. బంతిలా ఎగిరితే ఆయిల్ పలచన, దిగకుండా గట్టిగా కొట్టుకుంటే చిక్కన. ఎండాకాలంలో ఆయిల్ పలచబడుతుంది కాబట్టి ఏప్రిల్ వచ్చేసరికి నేను 35కి మారుస్తాను.

బ్రష్ మోటారు కొత్తదైతే తిన్నగా ట్రాక్ ఎక్కించకండి. మూడు వోల్టుల దగ్గర, చక్రాలకి తగిలించకుండా, ఇరవై నిమిషాలు తిరగనివ్వండి. బ్రష్‌లు, అవి రాసుకునే రాగి భాగం కమ్యుటేటర్ గుండ్రానికి సరిగ్గా ఒదుగుతాయి. మిక్సీ అయినా ఇదైనా బ్రష్‌ల సంగతి ఒకటే, ఒదగని బ్రష్ నిప్పురవ్వలు చిమ్మి కమ్యుటేటర్‌ని తినేస్తుంది.

4. బ్యాటరీ దగ్గర అజాగ్రత్త పనికిరాదు

ఇది చదివి వదిలేయకండి, పాటించండి. లైపో సెల్ ఒక్కోటి మామూలుగా 3.7 వోల్టులు, పూర్తిగా నిండితే 4.2. రెండు సెల్స్ కలిసి 7.4, నిండినప్పుడు 8.4. దీనికంటే ఎక్కువ ఎక్కించినా, సెల్ 3 వోల్టుల కిందికి దిగినా పాడవుతుంది. ఎక్కువైతే ఉబ్బి అంటుకోవచ్చు కూడా. స్పీడ్ కంట్రోలర్‌లో లైపో కటాఫ్ (వోల్టేజి మరీ దిగకముందే మోటారుని ఆపేది) ఆన్ చేసి ఉందో లేదో మొదటి రోజే చూడండి.

రెండు సెల్సునీ సమంగా నింపే బ్యాలెన్స్ చార్జరే వాడాలి. చార్జింగ్ కరెంటు '1సి' దాటొద్దు, అంటే 5000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్) బ్యాటరీకి 5 ఆంపియర్లు. బయట గట్టి ప్లాస్టిక్ పెట్టె ఉన్న బ్యాటరీ తీసుకోండి, రాయి తగిలినా లోపలికి దిగదు.

నేను ఒక కొట్లో కొన్న చవక చార్జరు బ్యాలెన్స్ తీగ పెట్టినా సెల్సుని సరిచూసేది కాదు. ఒక సాయంత్రం బ్యాటరీ పక్కలు ఉబ్బి ప్లాస్టిక్ పెట్టె పగిలింది. అదృష్టం కొద్దీ షాపులో మనిషి ఉన్నాడు, ప్లగ్ పీకి పెరట్లో పడేశాడు. అప్పటి నుంచి చార్జింగ్ సిమెంటు గచ్చు మీద, వెడల్పాటి మట్టి మూకుడులో పెట్టి చేస్తాను. పక్కన బకెట్టులో పొడి ఇసుక ఉంటుంది. మంచం మీద, కర్ర బల్ల మీద, రాత్రి నిద్రపోతూ చార్జింగ్ పెట్టడం మా గుంపులో నిషేధం. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ వాడం. దాన్నుంచి పొగ వస్తే పీల్చకుండా దూరం జరగాలి.

బ్యాటరీ తీగలకి కనెక్టర్ టంకం పెట్టేటప్పుడు 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ సరిపోదు. లావు తీగ వేడి లాగేసుకుంటుంది, టంకం పైపైన ముద్దలా కూర్చుంటుంది. 60 వాట్లది పట్టుకుని, తీగకీ కనెక్టరుకీ విడివిడిగా టంకం పూసి, అప్పుడు కలపండి. సరైన అతుకు నున్నగా మెరుస్తుంది. ఎర్ర తీగ, నల్ల తీగ ఒకదానికొకటి తగలకుండా ఒక్కోసారి ఒక్కదాన్నే కోయండి.

5. టైర్లు

మోటారు మీద మిగిలిన డబ్బు ఇక్కడ పెట్టండి. గట్టిపడి పైన సన్నని దుమ్ముండే మన ఎర్రనేలకి చిన్న చిన్న ముళ్లుండే మెత్తని టైరు పట్టు ఇస్తుంది. వదులు మట్టిలో పెద్ద ముళ్లు కావాలి. టైరు లోపల స్పాంజి ఉంటుంది. అది తడిసి కుళ్లితే బండి ఒక పక్కకి లాగుతుంది.

అతికించేటప్పుడు రిమ్ గాడినీ టైరు అంచునీ స్పిరిట్‌తో తుడిచి, ఆరాక పలచని సూపర్ గ్లూ చుక్కలుగా చుట్టూ వదలాలి. ఫెవిక్విక్ కూడా పనిచేస్తుంది, కానీ చేతులకి అంటకుండా చూసుకోండి, కళ్లకి అద్దాలు పెట్టుకోండి. ఒక పక్క పూర్తిగా ఆరాకే రెండో పక్క. తొందరపడితే పోటీ మధ్యలో టైరు రిమ్ నుంచి ఊడి గోనెసంచిలా తిరుగుతుంది.

6. ట్రాక్: కళ్లం చేసినట్టే

ఈ భాగం మీద నాకు మమకారం ఎక్కువ. మంచి ట్రాక్ లేకపోతే బండి ఎంత బాగా కట్టినా వృథా.

మొదట్లో మేం కళింగపట్నం బీచ్‌లో నడుపుదాం అనుకున్నాం. ఉప్పునీళ్లూ ఇసుకా కలిసి రెండు రోజుల్లో బేరింగుల్ని పట్టేస్తాయి. పైగా సిక్కోలు తీరంలో ఎండాకాలం ముందు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. ఆ ఇసుక వాటిది, అక్కడ నడపొద్దు.

చివరికి నెల్లిమర్ల వైపు జీడితోట పక్కన మెట్ట దొరికింది. వరి కోశాక మినుము, పెసర చల్లే భూమి అయితే ఖాళీ దొరకదు. ఇది సంక్రాంతి నుంచి తొలకరి దాకా బీడు. పాతిక మీటర్ల పొడవు, పదిహేను మీటర్ల వెడల్పు, అంటే సుమారు తొమ్మిది సెంట్లు. దారి వెడల్పు రెండున్నర మీటర్లు పెట్టి వంపులు తిప్పితే ల్యాపు వంద మీటర్లు దాటుతుంది.

మేం మొదట నేల చదును చేసి, నీళ్లు కొట్టి, ఆ తడి మీదే దిమ్మిసతో దంచాం. మర్నాడు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. పొలం యజమాని తాతగారు చూసి, "ఏటి బాబూ, కళ్లం ఎప్పుడూ చెయ్యలేదా మీరు? మట్టి ముందు తాగాల. తర్వాత ఆరాల. అప్పుడు దిమ్మిస," అన్నారు. ఆయన చెప్పినట్టే చేశాం. పై మట్టి నాలుగు వేళ్ల లోతు తవ్వి రాళ్లు ఏరేశాం. చెరువు మట్టి కొంత కలిపాం, దానిలో జిగురు ఉంటుంది. సాయంత్రం బాగా తడిపి వదిలేశాం. తెల్లారి మట్టిని పిడికిట్లో నొక్కితే ముద్ద అవ్వాలి, చేతికి అంటకూడదు. ఆ అదను దొరికినప్పుడు దిమ్మిస వేసి, పైన పేడనీళ్లు కళ్లాపిలా చల్లాం. రెండు ఎండలు తగిలేసరికి నేల సిమెంటులా బిగిసింది, దుమ్ము లేవలేదు. పోటీ రోజు పొద్దున్న సన్నగా నీళ్లు చిలకరిస్తే చాలు.

దూకే గుట్టల్ని జానెడు, జానెడున్నర ఎత్తుకి మించనివ్వకండి. పైన చదునుగా ఉండే బల్లగుట్టతో మొదలుపెట్టండి, దూరం చాలకపోయినా బండి చదును మీదే పడుతుంది. ఎక్కే అంచు త్వరగా అరుగుతుంది కాబట్టి అక్కడ పాత రబ్బరు పట్టా పాతిపెట్టండి. దూకిన వెంటనే పదునైన మలుపు పెట్టొద్దు.

హద్దులకి రాళ్లూ ఇటుకలూ వద్దు. మేం డ్రిప్ నల్ల పైపులు పరిచి యూ ఆకారం మేకులతో కొట్టాం. మలుపుల్లో సగం ఇసుక నింపిన గోగునార సంచులు పెట్టాం, మన ప్రాంతంలో వాటికి లోటు లేదు. నడిపేవాళ్లు నిలబడటానికి ట్రాక్టర్ ట్రాలీ. అంతా ఒకే ఎత్తు నుంచి ట్రాక్ మొత్తం చూడగలగాలి.

7. బండిని ట్రాక్‌కి సరిచేయడం

ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి. మార్చి, ఐదు ల్యాపులు తిప్పి, పుస్తకంలో రాసుకోండి.

బ్యాటరీ పెట్టాక బండిని ముందు నుంచి చూస్తే కింద ఆర్మ్‌లు నేలకి సమాంతరంగా ఉండాలి. మరీ ఎత్తుంటే మలుపులో పల్టీ కొడుతుంది, అలాంటప్పుడు స్ప్రింగు క్లిప్పులు తీసి దించండి. చక్రాల పైభాగం ఒకటి రెండు డిగ్రీలు లోపలికి వాలి ఉండాలి. మలుపులో ముందు చక్రాలు తిరక్క తిన్నగా పోతుంటే ముందు స్ప్రింగులు మెత్తవి వేయండి. వెనక జారిపోతుంటే వెనకవి.

గేరింగ్ సంగతి: పినియన్ పళ్లు పెరిగితే చివరి వేగం పెరుగుతుంది, మోటారు మీద బరువూ పెరుగుతుంది. 86 పళ్ల స్పర్, 19 పళ్ల పినియన్‌తో స్లాష్ మొత్తం నిష్పత్తి 12.31. వంద మీటర్ల ఇరుకు ట్రాక్‌లో ఒకటి రెండు పళ్లు తగ్గిస్తే బండి మలుపు నుంచి చురుగ్గా లేస్తుంది, మోటారు చల్లబడుతుంది. ఐదు నిమిషాలు నడిపాక మోటారు వేడి 70 డిగ్రీలు దాటకుండా చూసుకోండి. వేడి కొలిచే చిన్న గన్ థర్మామీటర్ ఉంటే మంచిది. లేకపోతే వేలు పెట్టి చూడండి, రెండు మూడు సెకన్లు కూడా ఆనించలేకపోతే ఆపాలి. గడ్డి ఎక్కువున్న చోట నేను పెద్ద పినియన్‌తో పది నిమిషాలు నడిపినప్పుడు మా షాపులో రోజూ తగిలే వాసనే వచ్చింది, మాడిన వార్నిష్ వాసన. ఆ వాసన వచ్చాక చేయగలిగిందేమీ లేదు.

8. వేళ్ల సాధన

మొదటి వారం లక్ష్యం వేగం కాదు, వరసగా పది ల్యాపులు పల్టీ లేకుండా. పల్టీ పడితే మళ్లీ ఒకటి నుంచి లెక్క. మా పిల్లలు దీన్ని ఆటగా పట్టుకుని పెద్దవాళ్లని దాటిపోయారు.

బండి మీ వైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. కొత్తవాళ్లందరూ తడబడేది అక్కడే. మీరే ఆ బండి సీట్లో కూర్చున్నట్టు ఊహించుకోండి. మలుపుకి ముందే ట్రిగ్గర్ వదిలేయాలి, మలుపు మధ్యలో బ్రేకు పడకూడదు, బయటికొచ్చేటప్పుడు మెల్లగా నొక్కాలి. గాల్లో ఉన్నప్పుడు ట్రిగ్గర్ నొక్కితే ముక్కు పైకి లేస్తుంది, బ్రేకు తడితే కిందికి దిగుతుంది. వెనక చక్రాలు తిరిగే ఊపు మారినప్పుడు బండి చట్రం దానికి ఎదురు దిశలో తిరుగుతుంది కాబట్టి అలా జరుగుతుంది. ఇది చేతికి వచ్చిన రోజు గుట్ట అంటే భయం పోతుంది.

9. పోటీ రోజు

ఎండకి ముందే, ఆరున్నరకి మొదలుపెడతాం. బ్యాటరీలు, బండ్లు నీడలో ఉండాలి. ఒక్కో రౌండ్‌కి ఐదారు బండ్లు, ఐదు నిమిషాలు. మూడు క్వాలిఫయింగ్ రౌండ్లలో మంచి ఫలితం లెక్కలోకి తీసుకుని ఫైనల్ వరస వేస్తాం. టైము అయిపోయినప్పుడు నడుస్తున్న ల్యాపు పూర్తి చేయనిస్తారు. అందుకే ఫలితం '15 ల్యాపులు, 5 నిమిషాల 8 సెకన్లు' అని రాస్తారు. ల్యాపులు ఎక్కువున్నవాడు ముందు, సమానమైతే టైము తక్కువున్నవాడు. ఎలక్ట్రానిక్ లెక్కింపు లేకపోయినా పర్వాలేదు, ఒక్కో బండికి ఒక మనిషి పుస్తకంలో గీతలు గీస్తే సరిపోతుంది. బండి బాడీల మీద నంబర్లు దూరానికి కనిపించేలా పెద్దవి అంటించండి.

ఒక రౌండ్ నడిపినవాళ్లు తర్వాతి రౌండ్‌కి మార్షల్స్. ఇది ప్రపంచమంతా ఉన్న మర్యాదే. తప్పించుకుంటే మా దగ్గర ఒక ల్యాపు కోత. మార్షల్ కాళ్లకి బూట్లు ఉండాలి, వచ్చే బండ్లకి వీపు పెట్టకూడదు, చిన్నపిల్లల్ని ఆ పనికి పెట్టకూడదు. రెండు కిలోల బండి వేగంగా వచ్చి మడమకి తగిలితే ఎముకకి దెబ్బ. చూసేవాళ్లు సంచుల వరస వెనకే నిలబడాలి.

స్విచ్ వేసేటప్పుడు ముందు రిమోట్, తర్వాత బండి. ఆపేటప్పుడు ముందు బండి, తర్వాత రిమోట్. తిరగేస్తే బండి సిగ్నల్ లేకుండా దూసుకుపోవచ్చు. మొదటి మలుపులో గెలవాలని చూడకండి. అందరూ కలిసి పడేది అక్కడే. కాస్త వెనక ఉండి ఆ గుంపు పక్క నుంచి వెళ్లిపోతే రెండు స్థానాలు ఊరికే వస్తాయి.

10. ఇంటికొచ్చాక

నీళ్ల పైపుతో కడగొద్దు. పాత పెయింట్ బ్రష్, టూత్ బ్రష్‌తో మట్టి దులిపి, పంక్చర్ షాపు గాలితో ఊదండి, గాలి గొట్టం బేరింగులకి ఎదురుగా పెట్టకుండా. ప్రతి ఆర్మ్ వంచి పగుళ్లు చూడండి. బేరింగుల్లో ఒక చుక్క పలచని నూనె వేయండి.

బ్యాటరీలు నిండా గానీ ఖాళీగా గానీ దాచొద్దు. చార్జరులో స్టోరేజ్ అని ఉంటుంది, సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర ఆపుతుంది. తొలకరికి తాతగారు నాగలి కట్టే ముందు రోజు మేం పైపులు చుట్టి, సంచులు విదిలించి, మేకులు లెక్కపెట్టి ఏరుకుని వస్తాం. ఒక్క మేకు మిగిలినా ఎద్దు కాల్లో దిగుతుంది. బండిని టైర్లు నేలకి ఆనకుండా చట్రం కింద చెక్క పెట్టి అటక మీద ఉంచుతాను, లేకపోతే ఐదారు నెలల్లో స్పాంజి ఒకవైపు నొక్కుకుపోతుంది.